పొగ ఎవరిది?

ధ్యానభాగము: నిర్గమకాండము 22వ అధ్యాయము, 6వ వచనము



పైన సూచించిన వచనము మన ప్రసంగపీఠములనుండి వినబడుట అరుదు. పది ఆజ్ఞలు చదివి, అక్కడనుండి బంగారు దూడ కథకు దాటిపోవు అలవాటు మనకు కలదు. నడుమ నున్న పొడుచు ఎద్దు సంగతి, మూతవేయని గోతి సంగతి, కుదువబెట్టిన వస్త్రపు సంగతి, ఇవన్నియు ఊరి పంచాయితీ తగవులవలె తోచి విడిచిపెట్టుదుము. మేము సెమినరీలో చదువుకొన్న దినములలో మాకు ధర్మశాస్త్రము బోధించిన వృద్ధ ఉపాధ్యాయుడొకరు, "దేవుడు పంచాయితీలో కూర్చుండుటకు సిగ్గుపడలేదు, మీరేల సిగ్గుపడుదురు?" అని అడిగెడివారు. అప్పుడు నవ్వితిమి. ఇరువది యేండ్ల తరువాత ఆ మాట మా మెడకే చుట్టుకొనినది.

ఆ వచనములోని సంగతి మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకడు తన గట్టున పెరిగిన కంపకు నిప్పు పెట్టెను. అతనికి ఎవరిమీదను పగ లేదు. గాలి తిరిగినది, నిప్పు పాకినది, పొరుగువాని కుప్ప కాలినది. ఇట్టి తగవులో మన పెద్దలు మొదట అడుగునది, "కావాలని చేసినావా?" అని. కావాలని చేయలేదని తేలినయెడల నాలుగు మంచిమాటలతో సరిపెట్టుదురు. మోషే ధర్మశాస్త్రము ఆ ప్రశ్న అడుగలేదు. నిప్పు ఎవరు పెట్టిరి అని మాత్రమే అడిగినది. పెట్టినవాడే నష్టము చెల్లింపవలెను.

ఈ మాటను పొగవిషయమై ధ్యానింపవలసి వచ్చిన కారణమును ఇప్పుడు చెప్పెదము.

నిరుడు డిసెంబరు మొదటి వారములో మా సంఘస్థుల కుటుంబమొకటి చూచుటకు మేము హైదరాబాదు వెళ్లితిమి. నల్లగొండ జిల్లానుండి విజయవాడ రహదారిమీద పోవు మనవారెల్లరు దిగు చోటు ఎల్.బి.నగర్. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన నగరమిది. ఇప్పుడు ఆ పూర్తి పేరు పలుకువారు తక్కువ. అక్కడనుండి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వరకు ఒకే వీధివలె అంగళ్లును జనమును. మీలో అనేకుల కుమారులును కోడండ్రును నేడు ఆ మూడు నాలుగు మైళ్లలోనే కాపురమున్నారు. మేము వెళ్లిన ఇంటి యజమాని గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టులో హమాలీగా నుండెను. 2021లో ఆ మార్కెట్టును బాటసింగారమునకు తరలించిన తరువాత అతడు ఆటో కిరాయికి తీసికొని నడుపుచున్నాడు. భార్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణమున పని చేయును. ఏడేండ్ల కుమారుడు. వారితో కూడ ముసలితల్లి.

మేము బస్సు దిగునప్పటికి ఇంకను తెల్లవారలేదు. మెట్రో రైలు స్తంభముల మధ్య దీపముల వెలుగు పసుపు మంచువలె వ్రేలాడుచుండెను. మంచే యనుకొంటిమి. నోరు తెరచి గాలి పీల్చగానే నాలుకమీద చేదు తగిలినది. వీధి ఊడ్చు స్త్రీలు చీరకొంగులు ముక్కులకు చుట్టుకొని ధూళిని ఒకచోట ప్రోగుచేయుచుండిరి. లారీ పోగానే సగము ధూళి మరల లేచి వారిమీదనే పడుచుండెను. ఒక మూలన ఎవరో చెత్తకుప్పకు నిప్పంటించి చలి కాచుకొనుచుండిరి. ఆ పొగ పైకి పోలేదు. మనిషి తల యెత్తువరకు లేచి, అక్కడనే పక్కకు పరచుకొనెను.

ఇంటికి చేరునప్పటికి పిల్లవాడు మంచముమీద కూర్చుండి, రెండు చేతులు మోకాళ్లకు ఆనించి, ఊపిరికొరకు భుజములు ఎగురవేయుచుండెను. ఉబ్బసము. నాయనమ్మ వీపు నిమురుచుండెను. ఆమె మమ్మును చూచి లేచి, "అయ్యగారూ, వానకాలమంత మంచిగనే ఉండె పిల్లగాడు. దీపావళి పోయిందో లేదో మొదలాయె. సంకురాత్రి దాకా గిట్లనే" అనెను. నాలుగేండ్లుగా ఇదే వరుస యని తల్లి చెప్పెను.

ఒకే వీధి, అవే బండ్లు, అదే ధూళి. జూలైలో ఊపిరాడిన బిడ్డకు డిసెంబరులో ఏల ఆడదు? వారు చూపించుకొను వైద్యుని మేము అడిగితిమి. ఓపికగల మనిషి, కాగితముమీద బొమ్మ గీసి చెప్పెను. వానకాలములో వాన గాలిని కడుగును, నైరుతి గాలి మిగిలినదానిని ఊడ్చుకొనిపోవును. చలికాలపు రాత్రులయందు నేల త్వరగా చల్లారును, నేలనంటిన గాలియు చల్లారి బరువెక్కును. దానిపైన కొంచెము వెచ్చని గాలి పొర నిలుచును. సాధారణముగా వేడిపొగ పైపైకి పోవలెను గదా. ఈ పొర తగులగానే ఆగిపోవును. కుండమీద మూత పెట్టినట్టు. ఎండ బాగుగా కాసి నేల వేడెక్కువరకు ఆ మూత తొలగదు. సంకురాత్రి దినములలో తెల్లవారుజామున మీరు పొలమునకు పోవునప్పుడు, ఊరి పొయ్యిల పొగ తాటిచెట్ల నడిమివరకు లేచి, దుప్పటి పరచినట్టు నిలిచియుండుట చూచినారు గదా. ఇదియే అది.

కొండల నడుమ పల్లములోనున్న పట్టణములకు ఈ ఆపద మరి యెక్కువ, ఏలయనగా అక్కడ పైన మూతతోపాటు చుట్టును గోడలుండును. అమెరికాలో డొనోరా అను చిన్న ఊరు ఏటిలోయలో నున్నది. 1948 అక్టోబరు చివర కర్మాగారముల పొగ దినములతరబడి కదలక నిలిచి ఇరువదిమంది చనిపోయిరి. మన విశాఖపట్టణము సైతము ఒకవైపు కైలాసగిరి, ఒకవైపు యారాడ కొండ నడుమ గిన్నెవంటిది; ఓడరేవు ధూళి అక్కడివారికి తెలియును. కొండలులేని లండను నగరములో 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు ఐదు దినములు పొగమంచు కప్పగా, నాలుగువేలమంది పోయిరని మొదట లెక్కించిరి. తరువాతి పరిశోధకులు పండ్రెండువేలవరకు ఉండవచ్చుననిరి. వారిలో ఎక్కువమంది వృద్ధులును పసివారును, ముందే రొమ్ము జబ్బుగలవారును. హైదరాబాదు చుట్టు కొండల గోడ లేదు. దక్కను పీఠభూమిమీద గాలి తగులు ఎత్తుననే యున్నది. అయినను చలికాలపు మూత దానికిని తప్పలేదు.

ఆ వైద్యుడు మరియొకటి చెప్పెను. కంటికి కనబడు ధూళి ముక్కులోని వెండ్రుకలకు చిక్కును, తుమ్మితే పోవును. అపాయమంతయు కనబడనిదానితో. రెండున్నర మైక్రానులకు లోపలి నలుసు తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. అది ఊపిరితిత్తుల అడుగువరకు దిగును, రక్తములోనికిని పోగలదు. ఘనమీటరు గాలిలో ఏటి సగటున అట్టి నలుసు 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశము 2009లో హద్దు పెట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 చాలుననినది. ఇంటిలోని పొగయు బయటి పొగయు కలిసి ఏటేట 67 లక్షలమంది ప్రాణములు తీయుచున్నవని ఆ సంస్థయే లెక్క చెప్పినది.

పిల్లవాని తండ్రి తన ఫోనులో ఆ దినపు గాలి సూచిక చూపించెను. పసుపు రంగు. ప్రభుత్వపు పట్టికలో ఆరు మెట్లున్నవి: మంచిది, తృప్తికరము, మధ్యస్థము, చెడ్డది, మిక్కిలి చెడ్డది, తీవ్రము. పసుపు అనగా మధ్యస్థము, నూటికి పైన రెండువందల లోపల. "ఢిల్లీతో చూస్తే మనది నయమే అయ్యగారూ" అని అతడనెను, మాకు ధైర్యము చెప్పుటకే. అయితే ఆ పట్టికలోనే మధ్యస్థమునకు ఎదురుగా వ్రాయబడియున్నది: ఉబ్బసము, ఊపిరితిత్తుల జబ్బు, గుండెజబ్బు గలవారికి ఊపిరి కష్టమగును. నగరమునకు మధ్యస్థమైనది ఆ మంచముమీది బిడ్డకు మధ్యస్థము కాదు. శరీరములో ఒక అవయవము శ్రమపడుటను గూర్చి అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసినది (1 కొరింథీ 12:26) మేము ఎన్నిసార్లు బోధించితిమో! సగటు లెక్క కట్టి బలహీనుని మరచిపొమ్మని ఆయన వ్రాయలేదు.

నగరములో ఏమియు చేయుటలేదని మేము చెప్పము. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట గంధకము మిక్కిలి తగ్గిన పెట్రోలు, డీజిలు అమ్ముచున్నారు. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన స్వచ్ఛమైన గాలి కార్యక్రమములో హైదరాబాదును చేర్చిరి. వనస్థలిపురమునొద్ద కృష్ణజింకలకొరకు 1975లో ఏర్పరచిన హరిణవనస్థలి ఇప్పటికిని పచ్చగా నిలిచియున్నది. మేము బస్సులో దానిని దాటునప్పుడెల్ల మనస్సు కొంచెము తేలికపడును. అయితే బండ్లసంఖ్య పెరుగుట ఆగలేదు.

తిరుగు ప్రయాణములో మేమొక ప్రసంగము సిద్ధపరచుకొంటిమి. దాచనేల? అది నగరమును నిందించు ప్రసంగము. ఆదికాండము 19వ అధ్యాయములో అబ్రాహాము ప్రొద్దున లేచి సొదొమవైపు చూడగా ఆ దేశపు పొగ కొలిమి పొగవలె లేచుచుండెనని యున్నది. ఆ వచనమే మూలవాక్యము. డబ్బు ఆశకు ఊరు విడిచిన బిడ్డలను తిరిగి పిలువవలెననియు, పల్లె గాలి దేవుడు ఊదినది ఊదినట్టే యున్నదనియు వ్రాసికొంటిమి. మంచి ప్రసంగమే యనుకొంటిమి.

క్రిస్మసుకు ఆ కుటుంబము ఊరికి వచ్చెను. పల్లెగాలికి బిడ్డ తేరుకొనునని మేమే వారిని తొందరపెట్టి పిలిపించితిమి. ఇరువదియైదవ తేదీన ఆరాధన, తరువాత ప్రేమవిందు. నాలుగువందలమంది భోజనము చేసిరి. థర్మకోలు పళ్లెములు, ప్లాస్టిక్ గ్లాసులు. సాయంకాలము యౌవనస్థులు వాటినన్నిటిని ఊడ్చి, గుడి వెనుక గోయిలో వేసి, ఏటేట చేయునట్టే నిప్పంటించిరి. అంటించుడని చెప్పినది మేమే. ఆ వారములోనే చెరువు క్రింది పొలములలో వరి కొయ్యకాళ్లు కాల్చుచుండిరి. వాటిలో గుడిమాన్యము రెండెకరములు ఉన్నవి. ఆ రాత్రి చలి. గాలి కదలలేదు. గుడి వెనుకనుండి లేచిన నల్లని పొగయు, చెరువు క్రిందినుండి వచ్చిన పొగయు మా క్రైస్తవపేట ఇండ్లమీద మూతవేసినట్టు నిలిచినవి.

రాత్రి పదకొండు గంటలకు నాయనమ్మ మా తలుపు తట్టెను. దిల్‌సుఖ్‌నగర్‌లో మేము చూచినది ఏమియు కాదు. పిల్లవాని పెదవులు నీలమై యుండెను. ఒకరి కారు అడిగి తీసికొని పట్టణములోని ఆసుపత్రికి పోవునప్పటికి ముప్పావు గంట పట్టినది. ఆ ముప్పావు గంట మేము ప్రార్థించితిమని చెప్పినయెడల అబద్ధమగును. ఒక్కొక్క ఊపిరిని లెక్కపెట్టుచుంటిమి, అంతే. దేవుని కృపవలన బిడ్డ బ్రతికెను. మూడవ దినమున ఇంటికి పంపిరి. ఆసుపత్రి వరండాలో నాయనమ్మ, నిందగా కాక, నిజముగా తెలిసికొనగోరి మమ్మును అడిగెను: "గీ పొగ యాడిది అయ్యగారూ? పట్నం పొగ కాదు గదా?"

మేము వ్రాసికొన్న ప్రసంగము చొక్కా జేబులోనే యుండెను.

ప్రియులారా, అబ్రాహాము సొదొమ పొగను చూచుటకు ముందు దినమున ఆ పట్టణముకొరకు దేవునితో ఎంత వాదించెనో 18వ అధ్యాయములో నున్నది. మేము ఆ అధ్యాయమును దాటవేసి పొగయొద్దకు పోయితిమి. మన ముక్కులలోనిది మనము సంపాదించినది కాదు. ఆదియందు దేవుడు మంటినుండి నరుని చేసి తానే ఊపిరి ఊదెను. అందరికిని జీవమును ఊపిరిని ఇచ్చువాడు ఆయనేయని పౌలు ఏథెన్సువారికి చెప్పెను. నీళ్లు చెడినయెడల క్యానులో కొని త్రాగుదుము. గాలికి అట్టి యేర్పాటు లేదు. పొరుగువాడు విడిచిన గాలినే మనము పీల్చుదుము, మనము కాల్చినదానినే అతని బిడ్డ పీల్చును. యెహెజ్కేలు 34వ అధ్యాయములో బలిసిన గొఱ్ఱెలు నీళ్లు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకచేసి బక్కవాటికి విడిచిపెట్టినందుకు దేవుడు ఎంత కోపించెనో చూడుడు.

ఆదివారము మేము ప్రసంగపీఠమెక్కి, నిప్పు పెట్టించినవారము మేమేయని ఒప్పుకొంటిమి. కొందరికి అది నచ్చలేదు. "మందు టపాసులు కాల్చేటోళ్లను ఏమనరు గాని" అని వెనుకనుండి ఒకరు అనిరి. ఇతరుల పండుగను వేలెత్తి చూపుట సుళువు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి ఆశీర్వాదము చెప్పకమునుపే మన పిల్లలు గుడి ముందర పేల్చునవి ఏమిటి?

ధర్మశాస్త్రము ఒప్పుకోలుతో విడువదు, నష్టము అచ్చుకొనుమనుచున్నది. మేము ఒక నెల జీతములోనుండి కొంత తీసి ఆసుపత్రి ఖర్చుక్రింద బిడ్డ తల్లికి ఇయ్యబోతిమి. "అయ్యగారి పైసలు ముట్టుకుంటే మాకు మంచిదా?" అని ఆమె వెనుకకు జరిగెను. తరువాత అమ్మగారు (సంఘస్థులు మా భార్యను అట్లే పిలుతురు) మాతో చెప్పకయే మందును ఆవిరిచేసి పీల్పించు యంత్రమొకటి కొని, ఎల్.బి.నగర్ పోవు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించెను. తిరిగి రాలేదు గనుక వారు పుచ్చుకొనిరని యెంచుచున్నాము.

జనవరిలో సంఘపెద్దల కూటమి జరిగెను. ప్రేమవిందుకు మోదుగాకు విస్తర్లు వాడవలెననియు, గుడి ఆవరణలో ఏదియు కాల్చరాదనియు తీర్మానించిరి. అది తేలికయే. గుడిమాన్యము మాట వచ్చునప్పటికి చిక్కుపడినది. ఆ రెండెకరములు కౌలుకు చేయు పెద్దాయన నెమ్మదిగల మనిషి, ముప్పది యేండ్లుగా కానుకపెట్టె తాళము ఆయనయొద్దనే యున్నది. ఆయన లేచి అనెను: "అయ్యగారూ, ఎనుకట కొడవళ్లతో కోసేటోళ్లం. గడ్డి పశువులకు పోయేది. గిప్పుడు కోతమిషను వచ్చె, పశువులు పోయె. కొయ్యకాళ్లు మోకాలెత్తు నిలవడుతయి. యాసంగికి నారు పోసిన్నంక నెల రోజులల్ల నాటు పడాలె. రోటావేటరు కిరాయి ఎవరిస్తరు? కాలవెట్టకుంటే నేను పంట ఇడిసిపెట్టాలె." ఈ మాటకు బైబిలునుండి వెంటనే జవాబు చెప్పు కాపరిని నమ్మకుడి. కొయ్యకాళ్లను తడిలో కలియదున్ని, సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లినయెడల త్వరగా కుళ్లునని వ్యవసాయశాఖవారు చెప్పుచున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజనియు 25 కిలోల పొటాషియమును ఉండునట. కాల్చినచో ఆ నత్రజని పొగలో పోవును. ఈ లెక్క చెప్పితిమి. ఆయన తల ఊపెను. లెక్క ఆయనకును తెలియును. చేతిలో డబ్బు లేదు. కడపట, కౌలులో కొంత తగ్గించుటకు సంఘము ఒప్పుకొనెను; అది కిరాయిలో సగమునకైనను సరిపోదు.

స్త్రీల కూటమిలో అమ్మగారు పొయ్యి సంగతి ఎత్తెను. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి మన ఇండ్లలో అనేకమునకు గ్యాసు చేరినది నిజమే. కాని బండ నిండించు వెల చూచి, చాయకు మాత్రము గ్యాసు, అన్నమునకు కట్టెలు అను ఇండ్లు ఎన్ని! కీర్తనకారుడు తన్ను పొగలో వ్రేలాడి ముడుతలుపడిన తోలుసంచితో పోల్చుకొనెను (119వ కీర్తన). మన ముసలమ్మల దగ్గు వినినవారికి ఆ పోలిక అర్థమగును. పొయ్యిని వంటింటి మూలనుండి పంచలోనికి మార్చినను, పైన పొగగొట్టము పెట్టినను కొంత మేలు. మగవారు ఒక దినము కూర్చుండి చేయదగిన పని.

మన చేలలో లేచిన పొగ ఎంత దూరము పోవునని కొందరు అడిగిరి. సన్ననలుసు గాలితో వందల మైళ్లు పోగలదు. చలికాలములో మనకు తూర్పు ఈశాన్యములనుండి గాలి వీచును, హైదరాబాదు మనకు పడమట నున్నది. నగరపు పొగలో అధికభాగము దాని బండ్లది, వీధుల ధూళిది, చెత్తమంటలది, కర్మాగారములది. మన పాలు ఎంతయో తూచి చెప్పలేము గాని, మన పాలు లేదని మాత్రము మేము ఇక చెప్పము.

ఈ యేడు మరల కోతలు వచ్చినవి. పెద్దాయన ఒక యెకరము కలియదున్నించెను. రెండవ యెకరమునకు డబ్బు చాలలేదు. దానిని కాల్చిన దినమున ఆయన ప్రొద్దుననే మా పేటకు వచ్చి, పిల్లవాని నాయనమ్మను (సంకురాత్రికి ముందే ఆమె ఊరికి వచ్చియుండెను), దగ్గుతోనున్న మరియొక ముసలామెను తన బండిమీద ఒకరి తరువాత ఒకరిని ఎక్కించుకొని, పొరుగూరిలోనున్న తన చెల్లెలి యింట దింపి వచ్చెను. ఎండ బాగుగా ఎక్కి, గాలి కదలిన తరువాతనే నిప్పు పెట్టెను. పొగ ఊరివైపు రాకుండ సాయంకాలమువరకు గట్టుమీదనే నిలువబడియుండెనట. మరునాడు గుడియొద్ద మాకు ఎదురుపడి ఏమియు అనలేదు. మేమును ఏమియు అనలేదు. కానుకపెట్టె తాళము తీసి, లెక్క చూచుటకు కూర్చుంటిమి.